ఆరు మాటల ఆపా

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు, ఎవరైనా తీసి చదువుతారేమోనని. కువైట్ మీద ఇరాక్ దాడి చేసిన ఏడాది, మహబూబ్‌నగర్‌లో మా పక్కింటి ఆపా తన రేడియో నుంచి ఒక ఉపగ్రహానికి పంపిన సందేశంలో చివరి నాలుగు వాక్యాలు ఆమెవి కావు. నావి. ఆమెకు తెలియకుండా నేను చేర్చాను. వాటి మూలంగానే ఆమె లైసెన్సు పోయింది. తానే రాశానని ఆమె సంతకం పెట్టింది. నేను ఊరుకున్నాను.

మొన్న నార్కట్‌పల్లి నుంచి పోస్టు కార్డు వచ్చింది. ఆపా తమ్ముడు రాశాడు. అక్క పోయిందని, శుక్రవారం పొద్దున అని, బాధేమీ పడలేదని. మా బడిలో స్టాఫ్ రూం కిటికీ దగ్గర నిలబడి ఆ కార్డులో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాను. ఇరవై మూడు. ఆపా అయితే అందులో సగం కొట్టేసేది.

ఆపా అంటే ఉర్దూలో అక్క, వీధంతా ఆమెను అలాగే పిలిచేది. ఆమె తపాలా శాఖలో ఇరవై ఆరేళ్ళు టెలిగ్రాంలు పంపింది. టెలిగ్రాంని ఆమె తార్ అనేది. ఉద్యోగం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆమె కుడిచేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద మాటలు లెక్కపెడుతుండేవి. మా అమ్మ జాకెట్లు కుట్టేది. నోరు విప్పిందంటే దారం ఉండ జారినట్టే. ఒకసారి ఆపా గుమ్మం ముందు నిలబడి మొదలుపెట్టింది.

“ఆపా, జర చూస్తివా, ఎనకింటోళ్ళ మేక గోడ దుంకొచ్చి, ఎవరో కుట్టుమని ఇచ్చిన కొత్త గుడ్డ, ఆరేసినదాన్ని ఆరేసినట్టే నమిలిపెట్టింది, అడగవోతే మేకకేం తెలుసు అంటున్నరు, మేకకు తెల్వకుంటె మనుసులకు తెల్వదా...”

“ఆరు మాటల్ల చెప్పు.”

అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. “మేక నా జాకెట్టు గుడ్డ తిన్నది.”

“ఐదే అయినయ్. ఒక మాట మిగిలింది. దాంతోటి తిట్టుకో.”

అమ్మ తిట్టింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. ఆపా నవ్వితే చప్పుడు ఉండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

నాకు మాటలంటే భయం. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లో బియ్యం డబ్బా వెనక నిలబడేదాన్ని. అందుకేనేమో ఆపా ఇల్లు నాకు నచ్చింది. ఆమె దగ్గర ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి, తెలుగువి, ఉర్దూవి, ఇంగ్లీషువి. పుస్తకం అడగడానికి వెళ్ళి, అడగలేక గుమ్మంలో నిలబడ్డ రోజున ఆమె నా వైపు చూసి, “చేతులు ఖాళీగున్నయా? గిది పట్టు” అని ఒక కర్ర ఇచ్చింది.

అది బట్టలారేసుకునే దండెం కర్ర. దానికి పాత టీవీ అంటెన్నా గొట్టాలు కోసి అడ్డంగా బిగించింది. నా పని ఆ కర్ర పట్టుకుని మిద్దె మీద నిలబడి, ఆకాశంలో కనబడని ఒక వస్తువు వైపు తిప్పుతూ ఉండడం. ఆ ఏడాది మొదట్లో ఎక్కడో పైకి పంపిన చిన్న ఉపగ్రహం అది. మా ట్రంకు పెట్టెలో సగం కూడా ఉండదని ఆపా చెప్పింది. మనం టైపు చేసిన ఉత్తరాన్ని రేడియో ద్వారా దానికి అందిస్తే అది దాచుకుంటుంది. భూమి చుట్టూ తిరుగుతూ ఇంకో దేశం మీదికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళకు వినిపిస్తుంది. వాళ్ళ జవాబు మళ్ళీ మనకు తెస్తుంది.

“పోస్టుమ్యాన్ లెక్కనా?” అని అడిగాను. అది బహుశా ఆ ఇంట్లో నేను పలికిన మొదటి ప్రశ్న.

“గదే. సైకిలు పంచరైతది అన్న ఫికర్ లేదు.”

రోజూ పొద్దున మూడుసార్లు వచ్చేది. తొమ్మిదీ పదికి ఒకసారి, పదీ యాభైకి ఒకసారి, పన్నెండున్నరకు ఒకసారి. నడుమదే మంచిది. జడ్చర్ల దిక్కున పుట్టి, నడినెత్తి దగ్గరగా పోయి, మక్తల్ దిక్కున దిగేది. మూడోది మరీ వాలుగా, కోస్గి దిక్కున చెట్ల మీదుగా జారిపోయేది. ఆపా ప్రతిరోజూ ఒక చీటీ రాసి ఇచ్చేది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏ దిక్కు, ఎంత ఎత్తు అని. నా కాలేజీ మధ్యాహ్నం షిఫ్టు. పొద్దునంతా నేను ఆపా మిద్దె మీదే.

మిద్దె మీద తాటాకుల పందిరి కింద ఆమె బల్ల, వినే రేడియో ఒకటి, పైకి పంపే రేడియో ఒకటి, ఆకుపచ్చ అక్షరాల కంప్యూటరు, రేడియోలకూ కంప్యూటరుకూ నడుమ ఒక చిన్న డబ్బా. కరెంటు పోతుందని పక్కనే లారీ బ్యాటరీ. సరదాకు ఇలా ఇంటి నుంచి సందేశాలు పంపుకోవడానికి ఆమెకు సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉండేది. ఉపగ్రహం వచ్చే ముందు ఆమె రెండు పనులు చేసేది. మణికట్టు లోపలి వైపు కట్టుకున్న గడియారం చూసుకునేది. చీర కొంగు తల మీదికి లాక్కునేది, ఇంటికి కొత్తవాళ్ళు వచ్చినట్టు.

“ఎవరున్నరు ఆపా, ముసుగెందుకు?” అని అమ్మ ఒకసారి కింది నుంచి అడిగింది.

“ఎంతమంది వింటరో ఎవరికెరుక.”

నేను ఆ మాట విన్నాను. దాని అర్థం నాకు పట్టలేదు.

తర్వాత రేడియోలోంచి ఇసుక జల్లెడ పట్టినట్టు చప్పుడు వచ్చేది. దగ్గరికి వస్తున్నప్పుడు గొంతు కొంచెం పైకి, దాటిపోతున్నప్పుడు కిందికి. ఆపా ఒక చేత్తో రేడియో నాబ్ తిప్పుతూ ఆ గొంతు వెంట పోయేది. రెండో చేతి చూపుడు వేలు బల్ల మీద తట్టుతూ ఉండేది. ఆ తట్టుడు ఆగిందంటే తెర మీద ఏదో వచ్చిందని అర్థం. నేను వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే కర్ర కదిలేది. అందుకని ఆమె వేలితోనే నాకు సంగతులన్నీ తెలిసేవి.

మా నాన్న, బాపు అనేవాళ్ళం, కువైట్‌లో నీళ్ళ లారీ నడిపేవాడు. పోయి మూడేళ్ళయింది. రెండు నెలలకోసారి ఉత్తరం రాసేవాడు. దాడి వార్త రేడియోలో విన్న నాటి నుంచి ఉత్తరం లేదు. ఫోన్లు లేవు. అమ్మ మిషను తొక్కడం మానేసింది. వార్తల వేళకు ఆపా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. ఢిల్లీ నుంచి ఏం చెప్పినా, అందులో మా బాపు పేరు ఉంటుందేమో అన్నట్టు వినేది. ఇరవయ్యో రోజున ఇక ఆగలేక అడిగింది.

“ఆపా, నీ యంత్రం ఆకాశం దాంక పోతది గద. మా ఆయన ఉన్నడా లేడా జర అడుగరాదు.”

ఆపా వేళ్ళు లెక్కపెట్టలేదు. “నా లైసెన్సు మీద రాసున్నది. నా మాట తప్ప పరాయోళ్ళ మాట పంపొద్దు. గిట్లాంటి ఆపతి ఉన్నప్పుడు సర్కారు పంపుమంటె పంపొచ్చు. అర్జీ పెట్టిన. జవాబు రానియ్యి.”

“నేను పరాయిదాన్నా?”

“నువ్వు గాదు. మాట.”

“మాట వేరు, మనిషి వేరా ఆపా?” అని అమ్మ లేచి వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పులు వదిలేసి వెళ్ళింది. నేను తర్వాత తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ రోజు ఆపా నాకు ఒక సంగతి చెప్పింది. ఆమె అంతసేపు ఏకబిగిన మాట్లాడగా నేను వినడం అదొక్కసారే. ఆమెకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక చిన్న ఊరి తపాలాఫీసులో పనిచేసేదట. ఒక పెళ్ళి రోజున, ఆ పెళ్ళికూతురి పేరు మీదనే తార్ వచ్చింది. ప్రాణం బాగాలేక పెళ్ళికి రాలేక వేరే ఊళ్ళో ఉండిపోయిన తండ్రి చనిపోయాడని. ఊళ్ళో బాజాలు మోగుతున్నాయి. ఆపా ఆ కాయితాన్ని సొరుగులో పెట్టింది, సాయంత్రం ఇద్దామని.

“రెండు గంటల బస్సు పోయింది. గా బస్సెక్కితే తండ్రి ఆఖరి మొకం దొరుకుతుండె ఆ పిల్లకు. తెల్లారి కౌంటరు దగ్గరికొచ్చి నిలవడ్డది. తిట్టలే. ఏడ్వలే. తార్ ఎన్ని గంటలకొచ్చింది అని అడిగింది. కాయితం మీద టైము ఉంటది గద, చూపిచ్చిన. అప్పటి సంది నేను మాటను మోసుడే. ముట్టుడు లేదు.”

నాకు అర్థమైంది. అయినా మర్నాడు నేను ఆ పని చేశాను.

అమ్మాన్ నగరంలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఆపా లాగే రేడియో పిచ్చి. ఆమె అతనికి వారానికోసారి వాన గురించి, బ్యాటరీ గురించి, అంటెన్నా గురించి రాసేది. ఆ పొద్దున సందేశం టైపు చేసి సిద్ధంగా పెట్టింది. పదీ యాభైకి ఇంకా పావుగంట ఉంది. కింద ఎవరో “నల్లా వచ్చిందే!” అని అరిచారు. మా వీధిలో నల్లా నీళ్ళు రెండు రోజులకోసారి వచ్చేది, వచ్చినప్పుడు ఎంత పెద్ద పనైనా వదిలి పరుగెత్తాల్సిందే. ఆపా బిందె తీసుకుని దిగింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చేర్చాను. బాపు పేరు, మా ఊరు. కువైట్‌లో ఏ కంపెనీలో నీళ్ళ లారీ నడిపేదీ. ఇరవై ఒక్క రోజులుగా కబురు లేదని. మా అమ్మ అన్నం తినడం లేదని. ఆ డాక్టరు ఒక్కడే చదువుతాడనుకున్నాను. ఇన్‌లాండ్ కవరులా అంటించి ఉంటుందనుకున్నాను.

ఆపా తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది. నేను కర్ర అందుకుని జడ్చర్ల వైపు తిరిగాను. సందేశం పైకి పోయింది, ఉపగ్రహం అందిందని జవాబిచ్చింది. కర్ర చివర ఊగుతూనే ఉంది.

“ఏంది, గాలా?” అంది ఆపా.

“గాలే ఆపా.”

మర్నాడు అదే వేళకు ఆమె వేలు బల్ల మీద తట్టడం ఆగింది. చాలాసేపు మళ్ళీ మొదలుకాలేదు. ఉపగ్రహం మక్తల్ దిక్కున దిగిపోయింది. నేను తిరగలేదు.

“దించు కర్ర,” అంది. “నేను ఒక్కనికి రాసిన. పదకొండు మంది జవాబిచ్చిండ్రు. నువ్వేనా?”

తలూపాను.

“ఎవరు సదువుతరనుకున్నవ్?”

“డాక్టరు సారు.”

“గిది కవరు గాదు బిడ్డా. బస్టాండు గోడకు అంటిచ్చిన కాయితం. నీళ్ళు తాగేటోడు సదువుతడు, బీడీ కాల్చేటోడు సదువుతడు. దాని కిందికి ఎవరొస్తె వాళ్ళు సదువుతరు. జపాన్ల సదివిండ్రు, ఇంగ్లాండుల సదివిండ్రు.”

మా అమ్మ అన్నం తినడం లేదని జపాన్‌లో చదివారు. డైరీని బియ్యం డబ్బాలో దాచుకునే నాకు, ఆ తెరకు చేయి అడ్డం పెట్టాలనిపించింది. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది ధైర్యం చెప్పారు. ఒకాయన, ఇలా ఇంకొకరి కబుర్లు పంపడం చట్టానికి విరుద్ధమని, మీ ప్రభుత్వానికి తెలియజేస్తున్నానని రాశాడు. పదకొండోది అమ్మాన్ డాక్టరుది. ఎడారి దాటి బస్సులు రోజూ వస్తున్నాయట, సరిహద్దు దగ్గర డేరాల్లో వేలమంది ఉన్నారట. మూడు జాబితాలు రాస్తున్నారు, డేరాలకు చేరినవాళ్ళవి, దవాఖానలో ఉన్నవాళ్ళవి, దారిలో పోయినవాళ్ళవి. వెతికి చెబుతాను, ఇంకా పేర్లుంటే పంపండి అని.

ఆపా ఆ జవాబును మొదటి నుంచి మళ్ళీ చదివింది. తర్వాత కలం తీసి తెల్లకాయితం మీద ఢిల్లీకి రాయడం మొదలుపెట్టింది. నేను పక్క నుంచి చదివాను. ఆ నాలుగు వాక్యాలు తానే రాసింది. ఫోన్లు పనిచేసేదాకా ఇకమీదట కూడా పంపుతుంది. చర్య తీసుకోదలిస్తే ఈ చిరునామాకు తెలపాలి.

“ఆపా, అబద్ధం గద.”

“లైసెన్సు ఎవరిది?”

“నీది.”

“నల్లా కాడికి లేచిపోయింది ఎవరు?”

“నువ్వే.”

“ఇంక ఏం అబద్ధం?” అని కాయితం మడిచింది. “పో, మీ అమ్మను అడుగు. గీ గల్లీల ఇంకెవరి మనుసులున్నరు కువైట్ల, పేర్లు తెమ్మను.”

ఆ ఉత్తరాన్ని రిజిస్టరు చేసి వచ్చాకే ఆమె పేర్లు పైకి పంపింది. తప్పు చేసే ముందే ఒప్పుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా బాపుతో కలిపి ఏడు పేర్లు. ఆ ఏడిళ్ళ ఆడవాళ్ళు పొద్దున కాగానే ఆపా మెట్ల మీద వచ్చి కూర్చునేవారు. ఎవరూ మిద్దె ఎక్కేవారు కాదు. నేను కర్ర పట్టుకుని పైకి పోతుంటే నా మొఖంలోకి చూసేవారు, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు. వీధిలో జీపు చప్పుడైతే పోలీసులు ఆపా కోసమే వచ్చారనిపించేది. రాత్రి కల్లో కర్ర చేయి జారేది.

పదో రోజున జాబితా వచ్చింది. పదీ యాభైకి. అయితే అది ఒక్కసారే రాదు, ముక్కలుముక్కలుగా వస్తుంది. రేడియోలో గరగరమన్నప్పుడు కొన్ని ముక్కలు పడిపోతాయి, ఆ జాగా ఖాళీగా ఉంటుంది. అప్పుడు మనం ఫలానా ముక్క రాలేదని ఉపగ్రహాన్ని అడగాలి. అది మళ్ళీ చెబుతుంది. ఆ రోజు ఆపా అడిగేలోపే అది మక్తల్ దిక్కున దిగిపోయింది.

నేను కర్ర దించి బల్ల దగ్గరికి పోయాను. తెర మీద బాపు పేరుంది. మా ఊరి పేరుంది. దాని పక్కనంతా ఖాళీ. అది మూడింటిలో ఏ జాబితానో చెప్పే పై వరస కూడా ఖాళీ.

“ఆపా...”

“పన్నెండున్నరకు అడుగుదాం.”

“అమ్మకు పేరొచ్చిందని చెప్పనా?”

“సగం తార్ ఇయ్యొద్దు.”

నూరు నిమిషాలు. కిందికి పోతే అమ్మ మొఖం చూడాలి. అందుకని మిద్దె మీదే కూర్చున్నాను. చేరినవాళ్ళ జాబితా అయితే పేరు పక్కన ఖాళీ ఎందుకుండాలి, పోయినవాళ్ళదైతే ఊరి పేరు ఎందుకు రాస్తారు, అని పిచ్చి లెక్కలు వేశాను. ఆపా నీళ్ళు ఇచ్చింది. తాగలేకపోయాను. ఆమె కూడా గడియారం ముల్లు రేడియో వార్తల టైముకు కలిసిందో లేదో రెండుసార్లు సరిచూసింది.

పన్నెండూ పదికి కింద సైకిలు గంట మోగింది. పోస్టుమ్యాన్ మెట్ల మీది ఆడవాళ్ళను తప్పించుకుంటూ పైకి వచ్చాడు. ఒకప్పుడు ఆపా కింద పనిచేసినవాడే. కవరు చేతిలోనే పట్టుకున్నాడు గాని ఇవ్వలేదు.

“మేడమ్, రిజిస్టరు. ఢిల్లీది.” మెట్ల వైపు చూశాడు, నా చేతిలోని కర్ర వైపు చూశాడు. “మీరు ఇంట్ల లేరని రాసుకపోతా? రేపు తెస్త.”

“నేను ఇంట్లనే ఉన్న గదనయ్యా.”

“ఉన్నరు మేడమ్. నాకే కనవడలే.”

“గిట్లనే నాకు గూడ ఒకసారి ఒక తార్ కనవడలే,” అంది ఆపా. “కలం ఇటు తే.”

“ఇరవై నిమిషాలే ఆపా!” అన్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. కింద ఆడవాళ్ళంతా ఒక్కసారి పైకి చూశారు. “ఇరవై నిమిషాలైనంక సంతకం చెయ్యి!”

ఆపా సంతకం చేసింది. పక్కన టైము వేసింది. కవరు చింపి చదివింది. విచారణ తేలేవరకు లైసెన్సు నిలిపివేయడమైనది, ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఏ ప్రసారమూ చేయరాదు. వాళ్ళు రాసింది రూలు ప్రకారం సరైనదే. ఆమె వంగి, పైకి పంపే రేడియో వెనక తీగ విప్పి పోస్టుమ్యాన్ చేతిలో పెట్టింది.

“పట్టుకో. విప్పింది నువ్వు చూసినవ్.”

అతను ఆ తీగను పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

“పంపొద్దన్నరు. వినొద్దనలే,” అని ఆపా కుర్చీలో కూర్చుంది. “కర్ర తీసుకో.”

“మనం అడగకుంటె అది ఎట్ల చెప్తది ఆపా?”

“ఇంకెవరన్న అడిగితే మనకు గూడ వినవడ్తది.”

“మా బాపు సంగతి ఎవరు అడుగుతరు?”

ఆపా కొంగు తల మీదికి లాక్కుంది.

పన్నెండున్నరకు కోస్గి దిక్కున చెట్ల పైన అది వచ్చింది. వాలుగా పోయేది కదా, ఏడు నిమిషాలే ఉంటుంది. ఎండ కళ్ళలో పడుతోంది. కర్ర చెమటకు జారుతుంటే జాకెట్టు అంచుకు చేయి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను. రేడియోలో చప్పుడు ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. వెనక ఆపా వేలు బల్ల మీద తట్టుతూనే ఉంది. రెండు నిమిషాలు. మూడు. ఎవరివో ఉత్తరాలు, ఎక్కడివో. నాలుగు. చప్పుడు గొంతు మారింది, అది మమ్మల్ని దాటి పోవడం మొదలైంది.

వేలు ఆగింది.

“ఎవరో అడుగుతున్నరు,” అంది ఆపా మెల్లగా. “మన కాయితమే.”

ఎవరో నాకిప్పటికీ తెలియదు. ఆ వేళకు ఆ ఉపగ్రహం కింద ఉన్న ఏ ఊళ్ళోనో, ఏ మిద్దె మీదో, మా అమ్మ అన్నం తినడం లేదని చదివిన ఎవరో ఒకరు, ఆమె తిన్నదో లేదో తెలుసుకోవడానికి కూర్చుని ఉన్నారు. వాళ్ళకు కూడా అవే ముక్కలు పడిపోయాయి. వాళ్ళు అడిగారు. ఉపగ్రహం వాళ్ళకు చెప్పింది. మేము విన్నాము.

ఆపా నాకు చెప్పలేదు. సొరుగులోంచి పాత తార్ ఫారం తీసి, రాసి, మడిచి, కిందికి దిగింది. మెట్ల మీద నిలబడి మా అమ్మను ఫలానా ఆయన భార్య ఫలానా అని, ఎప్పుడూ పిలవని నిండు పేరుతో పిలిచి చేతికిచ్చింది. అమ్మకు చదవడం రాదు. అది నా వైపు చాచింది. దాని మీద ఆపా గుండ్రటి అక్షరాలు:

డేరాలో ఉన్నాడు. కాలు విరిగింది. ప్రాణం క్షేమం.

నేను చదివాను. అందరి ముందూ, గట్టిగా. అమ్మ మెట్టు మీద కూర్చుండిపోయి, “కాలా? ఏ కాలు?” అంది. అదే మాట పదిసార్లు అడిగింది. ఆ జాబితాలో మిగతా ఆరిళ్ళలో నలుగురి పేర్లున్నాయి. అందరూ చేరినవాళ్ళలోనే. మిగిలిన ఇద్దరి నుంచి తర్వాత ఉత్తరాలొచ్చాయి. పోస్టుమ్యాన్ అందాకా తీగ పట్టుకునే ఉన్నాడు. “మేడమ్, దీన్ని ఎవరికియ్యాలె?” అని అడిగాడు.

బాపు రెండు నెలలకు వచ్చాడు, కుడికాలికి కట్టుతో. వచ్చిన మర్నాడే ఆపా ఇంటికి పోయి, “గా నాలుగు మాటలు రాసి నన్ను బతికిచ్చినవ్ ఆపా” అని చేతులు జోడించాడు. నేను గుమ్మంలో ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆపా నా వైపు చూడనైనా చూడలేదు. “కాలు ఎట్లున్నది?” అని మాట మార్చింది. ఆ రోజు చెప్పనిది ఇక చెప్పడం కుదరలేదు.

విచారణ కాయితాలు ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి లైసెన్సు రద్దయింది. ఆపా రేడియో మీద తెల్లగుడ్డ కప్పింది. పదీ యాభైకి మణికట్టు తిప్పి గడియారం చూసుకోవడం మాత్రం మానలేదు. నేను వెళ్ళడం తగ్గించాను. వెళ్తే ఆ తెల్లగుడ్డ కనబడుతుంది. నాకు నల్లగొండలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆమె నార్కట్‌పల్లిలో హైవే పక్క టైర్ల దుకాణం ఉన్న తమ్ముడి దగ్గరికి చేరింది.

పోయిన ఏడాది ఆమెను చివరిసారి చూశాను. హైదరాబాద్ బస్సు కోసం నార్కట్‌పల్లి చౌరస్తాలో దిగితే, ఎదురుగా టైర్ల నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. ఏడేళ్ళుగా మనసులో తయారుచేసుకున్నది ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

“ఆపా, నేను ఢిల్లీకి రాస్త. గా నాలుగు లైన్లు నావే అని.”

“పది మాటల లోపటే చెప్పినవ్. మంచిగ నేర్చినవ్.”

“నవ్వులాట గాదు ఆపా. నాకు నిద్ర పడ్తలేదు.”

“నాకు గూడ పట్టలే. గా ఇంగ్లీషు నాదంటె ఢిల్లీల ఒక్కడు గూడ అనుమానపడలే గద, గందుకు.” భుజాలు కదిలాయి. తర్వాత ఆమె వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి. “రాయకు. నేనే రాసిన. మళ్ళ మొదటి సంది లైసెన్సు పరీక్ష రాయొచ్చన్నరు. పోయిన నెల హైదరాబాదుల కూసున్న, అందరు కాలేజీ పిల్లలు. తార్ మీట కొట్టుడుల నా స్పీడు చూసి, మా అమ్మమ్మకు గూడ నేర్పుతరా అని అడిగిండొకడు.”

“పాసైతవా ఆపా?”

“కండ్లు జర మసక. చూద్దాం.”

బస్సు వచ్చింది. కండక్టరు తొందరపెట్టాడు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆపా రోడ్డు అంచు దాకా వచ్చి, బస్సు కదులుతుంటే దాని పక్కనే నాలుగడుగులు నడిచింది. లారీల మోతలో వినబడాలని గొంతు పెంచి అడిగింది:

“పాసైతే కర్ర పట్టేటోళ్ళు గావాలె. నీకు సెలవులెప్పుడు?”